రేవుకు ఇవతలి డాక్టరుకు ఏ ఆన్‌లైన్ స్పెషలిస్టు సేవ పనికొస్తుంది?

సఖినేటిపల్లిలోనో కాట్రేనికోనలోనో క్లినిక్కు నడిపే ఎంబీబీఎస్ డాక్టరుకు ఈరోజు స్పెషలిస్టును అడగడానికి దారులకు కొదవ లేదు. ప్రభుత్వానిది, వీడియోలో స్పెషలిస్టుతో కలిపే ఈ-సంజీవని ఉంది. కాకినాడ, రాజమండ్రి, విజయవాడల్లోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల మార్కెటింగ్ కుర్రాళ్ళు వచ్చి, ట్యాబు చేతిలో పెట్టి, "కేసు ఏదైనా మాకు పెట్టేయండి డాక్టరు గారూ, మేం చూసుకుంటాం" అని చెప్పి వెళ్తున్నారు. నెల చందా కట్టించుకునే యాప్‌లు ఉన్నాయి. వీటన్నిటికీ ముందు నుంచీ బ్యాచ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపు ఉండనే ఉంది. కోనసీమలోనూ, అవతల నరసాపురం, భీమవరం వైపూ కొత్తగా ప్రాక్టీసు పెడుతున్న వాళ్ళు వీటిలో ఏది తీసుకోమంటారని అడుగుతుంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీడియో ఎంత స్పష్టంగా వస్తుంది, స్పెషలిస్టు పేరు వెనక ఎన్ని డిగ్రీలున్నాయి అన్నవి తర్వాతి సంగతులు. మొదట చూడాల్సింది ఆ స్పెషలిస్టుకు మీ చోటు తెలుసా లేదా అని. మీ ల్యాబులో కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ అవుతుంది గానీ గుండెపోటు పట్టిచ్చే ట్రోపోనిన్ కిట్లు అయిపోయాయని, రాత్రి ఎక్స్‌రే టెక్నీషియన్ ఉండడని, గోదావరి పొంగితే చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మునిగి కనకాయలంక పేషెంటు పడవ మీదే రావాలని తెలిసిన మనిషి చెప్పే సలహా ఒక రకంగా ఉంటుంది. ఇవేవీ తెలియని పెద్దాయన "ఎంఆర్‌ఐ తీయించి పంపండి, చూస్తాను" అంటాడు. ఆ మాటలో తప్పేం లేదు, కానీ ఆ రాత్రికి దాంతో మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

బాధ్యత మీదే

ఏ సేవలో చేరే ముందైనా ఈ ఒక్క విషయం బుర్రలో పెట్టుకోవాలి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ ప్రాక్టీసు మార్గదర్శకాల ప్రకారం, ఒక రిజిస్టర్డ్ డాక్టరు తన పేషెంటు గురించి ఇంకో డాక్టరును ఆన్‌లైన్‌లో సలహా అడిగితే, వైద్యం చేసే డాక్టరు అడిగిన వారే. బాధ్యతా వారిదే. అవతల ఎంత పెద్ద ప్రొఫెసరు ఉన్నా సరే, ఆయన చెప్పిన డోసు మీ చీటీ మీద మీ సంతకంతో వెళ్తుంది. అందుకే సలహాను రాతపూర్వకంగా ఇవ్వని సేవకు నేను మార్కులు వేయను. ఫోన్లో చెప్పారా, అయితే ఫోను పెట్టగానే కేసు షీటులో ఆయన పేరు, టైము, చెప్పిన మాట మూడూ రాసుకోవాలి. ఇన్‌పేషెంటు రికార్డులు 3 ఏళ్ళు దాచాలన్న 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన మనకు తెలిసిందే. ఆ షీట్లోనే ఇదీ ఉండాలి.

ఈ డాక్టరు-డాక్టరు సంప్రదింపు రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకే. ఏఎన్ఎం, ఆశా, నర్సు, ఊరి ఆరోగ్య కేంద్రం చూసే సీహెచ్‌వో పేషెంటు పక్కన కూర్చుని డాక్టరుతో మాట్లాడించవచ్చు, దానికి మార్గదర్శకాల్లో చోటుంది. రిజిస్ట్రేషన్ లేకుండా ఊళ్ళో వైద్యం చేసేవారికి లాగిన్ ఇస్తామని ఏ కంపెనీ అయినా అంటే ఆ కంపెనీ జోలికి మీరు వెళ్ళకండి.

ఈ-సంజీవని

మొహాలీలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన వ్యవస్థ ఇది. 2019 నవంబరులో దీన్ని దేశంలో ముందుగా మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశే. ఊరి ఆరోగ్య కేంద్రంలో సీహెచ్‌వో, పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరు ఒక చివర ఉంటే, హబ్ అనే కేంద్రంలో స్పెషలిస్టులు ఇంకో చివర ఉంటారు. పైసా ఖర్చు లేదు. సలహా ప్రిస్క్రిప్షన్ రూపంలో వస్తుంది కాబట్టి రాత రికార్డు దానంతట అదే మిగులుతుంది. పీహెచ్‌సీ డాక్టరుకు ఇంతకన్నా సుఖమైన దారి లేదు. షుగరు అదుపులోకి రాని ముసలమ్మ, థైరాయిడ్ మాత్ర డోసు మార్చాల్సిన గర్భిణి, బరువు పెరగని పసిబిడ్డ, తగ్గని తామర, ఇలాంటి నిలకడగా ఉన్న కేసులన్నీ దీనికే పెట్టాలి. హబ్‌లో ఉన్నది ప్రభుత్వ డాక్టర్లే కాబట్టి పీహెచ్‌సీలో ఏ మందులు ఉంటాయో వాళ్ళకు అంచనా ఉంటుంది. ఖరీదైన బ్రాండు రాసి పేషెంటును మెడికల్ షాపుకు తరమరు.

లోటుపాట్లూ ఉన్నాయి. వరుసలో నిలబడాలి. ఈ నెల చూసిన ఎండోక్రైనాలజిస్టే వచ్చే నెల దొరుకుతారని లేదు, కాబట్టి పాత కథంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. దీనికి ఉపాయం, ఒక్కో దీర్ఘకాలిక పేషెంటుకు అరపేజీ సారాంశం టైపు చేసి ఉంచుకుని ప్రతిసారీ దాన్నే పెట్టడం. రెండోది, ఇది ఓపీ వేళల పని. రాత్రి పదకొండింటికి ఊపిరి అందని పేషెంటుతో దీని ముందు కూర్చోకూడదు. మూడోది, డాక్టరు-డాక్టరు భాగం ప్రభుత్వ కేంద్రాల కోసం. ప్రైవేటు క్లినిక్కు పెట్టుకున్న మీరు మీ పేషెంటును వాళ్ళ ఫోన్లోనే ఈ-సంజీవని ఓపీడీలోకి వెళ్ళమనవచ్చు. అప్పుడు సలహా నేరుగా పేషెంటుకు వెళ్తుంది, మీకు రాదు. ఆ చీటీ మీ దగ్గరికి తెమ్మని చెప్పి పంపండి.

ప్రైవేటు ఆసుపత్రి ఇచ్చే లింకు

ఇక్కడే ఎక్కువ ఆగాలి, ఎందుకంటే మనలో ఎక్కువమంది చివరికి చేరేది ఇక్కడికే. దీని బలం నిజమైనది. అర్ధరాత్రి కూడా డ్యూటీ డాక్టరు ఎత్తుతాడు, ఆయన ద్వారా కార్డియాలజిస్టు లైన్లోకి వస్తారు. ఏడాది తిరిగేసరికి ఆ కార్డియాలజిస్టుకు మీరెవరో, మీ దగ్గర ఏముందో తెలిసిపోతుంది. "మీ దగ్గర ఇన్ఫ్యూజన్ పంపు ఉందిగా డాక్టరు గారూ, హెపారిన్ మొదలెట్టేసి పొద్దున్న పంపండి" అనగలుగుతారు. పైన నేను చెప్పిన చోటు తెలిసిన స్పెషలిస్టు అంటే ఇలాంటి మనిషే.

బలహీనతా దాని పక్కనే ఉంది. ఆసుపత్రి ఈ ఏర్పాటుకు డబ్బు పెట్టేది మంచాలు నిండడానికి. మేం కొన్నాళ్ళు ఒక ఆసుపత్రి లింకు వాడాం. ఏ కేసు పెట్టినా, ఆఖరికి జ్వరం తగ్గి ప్లేట్‌లెట్లు పెరుగుతున్న డెంగీ కుర్రాడిని పెట్టినా, "వెంటనే పంపండి, అంబులెన్సు మాదే" అని జవాబు. కొబ్బరి దింపు కూలీ తండ్రి ఆ కుర్రాడికి. అంబులెన్సు ఉచితమే, దిగాక వచ్చే బిల్లు ఉచితం కాదు. లింకు ఆపేశాం.

కాబట్టి నా పరీక్ష ఇది. చేరిన కొత్తలో ఒక పది కేసులు పంపండి. ఎన్నింటికి "మీ దగ్గరే ఉంచి ఇలా చేయండి" అన్నారో లెక్క చూడండి. మీరు ఉంచగలననుకున్న వాటిలో కూడా ఒక్కటీ ఉంచమనకపోతే అక్కడ సలహా దొరకదు, మంచం దొరుకుతుంది. ఇంకో మాట. రిఫర్ చేసినందుకు కమిషన్ ఇస్తామని సైగ చేసినా ఆ ఆసుపత్రిని దూరం పెట్టండి. 2002 నిబంధనల్లోని 6.4 ప్రకారం రిఫరల్ కమిషన్ ఇవ్వడమూ తీసుకోవడమూ నిషిద్ధం. అది అటుంచినా, మన దగ్గరికి వచ్చే మనిషి ఎకరం చేపల చెరువు కౌలుకు చేసుకునేవాడో రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే ఆవిడో అయి ఉంటారు. వాళ్ళ బిల్లులో మన వాటా ఉండటం నాకు సహించదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆ ఆసుపత్రిలో ఏయే చికిత్సలకు అనుమతి ఉందో లింకు పెట్టుకునే రోజే రాయించుకుంటే, పంపాల్సి వచ్చినప్పుడు పేషెంటు ఇంటివాళ్ళకు సూటిగా చెప్పగలుగుతారు.

గంటలో తేలాల్సిన కేసులు

గుండెపోటు, పాముకాటు, విషం, పక్షవాతం. వీటికి యాప్ ఎంచుకోవడం అనే మాటే ఉండకూడదు. ఎవరికి ఫోను చేస్తామో, ఆయన ఎత్తకపోతే రెండో నంబరు ఏదో క్యాజువాల్టీ గోడ మీద రాసి ఉండాలి. ఫోను కాల్‌కు నెట్ అక్కర్లేదు, అదొక్కటే ఎంతో మేలు.

గుండెపోటులో స్పెషలిస్టు నుంచి మీకు కావలసింది ఒక్క నిర్ణయం. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇక్కడే ఇవ్వాలా, నేరుగా గుండె రక్తనాళంలో అడ్డు తీసే క్యాథ్ ల్యాబుకు పంపాలా? క్యాథ్ ల్యాబు బల్ల మీదికి చేరడానికి రెండు గంటలు దాటేలా ఉంటే, అడ్డంకులేమీ లేనప్పుడు ముందు ఇంజెక్షనే. సఖినేటిపల్లి నుంచి రాత్రి పేషెంటును తీసుకెళ్ళాలంటే నరసాపురం రేవులో పంటు కోసం చూడలేం, చించినాడ వంతెన చుట్టు తిరగాలి. అంబులెన్సు వచ్చి, ఎక్కించి, దింపి, ఇదంతా అయ్యేసరికి ఎంతవుతుందో హైదరాబాదులో కూర్చున్న కార్డియాలజిస్టుకు తట్టదు. భీమవరం కార్డియాలజిస్టుకు చెప్పక్కర్లేదు. ప్రభుత్వ ఏరియా ఆసుపత్రులు, సీహెచ్‌సీల్లో గుండెపోటుకు పెట్టిన స్టెమీ కార్యక్రమం కింద గడ్డ కరిగించే ఇంజెక్షన్ టెనెక్టిప్లేస్ ఉచితంగా ఇస్తున్నారు, అక్కడి ఈసీజీ హబ్‌లోని గుండె నిపుణుడికి వెళ్తుంది. మీకు దగ్గరలో అది ఎక్కడ ఉందో ఈ వారమే వెళ్ళి కనుక్కుని రండి.

అడిగే తీరు మీద జవాబు ఆధారపడుతుంది. "సర్, ఛాతీ నొప్పి, ఈసీజీ పెట్టాను, చూడండి" అంటే అవతలాయన తిరిగి పది ప్రశ్నలు వేస్తారు. ఇలా పెట్టండి:

"62 ఏళ్ళు, మగ, 58 కిలోలు. పొద్దున 5కి నొప్పి మొదలు, 6:20కి వచ్చారు. బీపీ 100/70, పల్స్ 58. రెండు, మూడు, ఏవీఎఫ్‌లలో ఎస్‌టీ లేచింది. కుడి లీడ్లు కూడా తీశాను, ఫొటో కింద ఉంది. షుగరు ఉంది, పక్షవాతం, రక్తస్రావం, ఈమధ్య ఆపరేషన్ ఏవీ లేవు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఇచ్చాం. నైట్రేట్ ఇవ్వలేదు. టెనెక్టిప్లేస్ మా దగ్గర ఉంది. ఇక్కడే ఇచ్చి పంపమంటారా?"

చివరి రెండు వాక్యాలు అన్నిటికన్నా ముఖ్యం. మీ దగ్గర ఏముందో, మీకు ఏం తెలియాలో అందులో ఉన్నాయి. దీనికి రెండు నిమిషాల్లో జవాబు వస్తుంది.

పాముకాటుకు వస్తే, వీడియో కలిసేదాకా విషానికి విరుగుడైన యాంటీవీనం ఆపడం ఎప్పుడూ చేయకండి. మన వరిచేలల్లో రక్తపింజరా ఉంది, నాగుపామూ ఉంది, రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కరిచే కట్లపామూ ఉంది. పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూసే పరీక్షకు ఏ స్పెషలిస్టూ అక్కర్లేదు. రక్తం గడ్డ కట్టకపోతే గానీ, కనురెప్పలు వాలుతుంటే గానీ వైద్యం మొదలుపెట్టాలి. స్పెషలిస్టు కావాల్సింది ఆ తర్వాత, ఊపిరి బలహీనపడుతుంటే గొట్టం వేసి పంపాలా, రెండో విడత ఇవ్వాలా అన్న దగ్గర. పాముకాటుకు కేంద్రం ప్రయోగాత్మకంగా పెట్టిన 15400 హెల్ప్‌లైన్ రాష్ట్రాల్లో ఆంధ్రా, పుదుచ్చేరీ రెండూ ఉన్నాయి, అంటే యానాం వాళ్ళకూ అదే నంబరు.

విషాల విషయంలో ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 24 గంటలూ పనిచేస్తుంది, నంబరు 1800 116 117. దీన్ని మనవాళ్ళు వాడుకోవాల్సినంత వాడుకోవడం లేదని నా బాధ. ముఖ్యంగా ఎలుకల పేస్టు తిన్న కేసుల్లో. పసుపు ఫాస్ఫరస్ ఉన్న ఆ పేస్టు తిన్న పిల్ల మొదటి రోజు వాంతులు చేసుకుని, మర్నాడు ఇడ్లీ తిని కూర్చుంటుంది. ఇంటివాళ్ళు డిశ్చార్జి అడుగుతారు. ఆ తర్వాత కాలేయం దెబ్బతిని కళ్ళు పచ్చబడతాయి. పిల్ల బాగానే ఉన్న ఆ మధ్య రోజుల్లో రోజూ లివరు పరీక్షలు, రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్‌ఆర్ చేయించమని, పెద్ద సెంటరుకు ఎప్పుడు పంపాలో చెప్పే మనిషి కావాలి. ఏ సేవలో చేరినా గ్యాస్ట్రో విభాగం వారానికి ఎన్ని రోజులు ఉంటుందని అడగమనేది ఇందుకే.

పక్షవాతంలో సీటీ లేకుండా ఆన్‌లైన్‌లో ఎవరూ ఇంజెక్షన్ ఇవ్వమనలేరు. మొదలై నాలుగున్నర గంటలు దాటకముందే సీటీ ఉన్నచోటికి పంపడం, దారిలోనే అక్కడి న్యూరాలజిస్టుకు ఫోను చేయించడం, అంతే మన పని.

ఒక్కో జబ్బుకు ఒక్కో దారి

మానసిక సమస్యలకు 14416 టెలీ-మానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పైన చెప్పిన పేస్టు తిన్న పిల్ల కోలుకున్నాక ఇంటికి పంపే ముందు మీ ఫోను నుంచే కలిపి మాట్లాడించండి. నంబరు రాసిచ్చి ఊరుకుంటే నూటికి తొంభైమంది చేయరు. తాగుడు, ఆందోళన కేసులను మీరే చూసుకోవడం నేర్చుకోవాలంటే బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నడిపే ఎకో ఆన్‌లైన్ తరగతులు మంచివి. న్యూ మెక్సికోలో 2003లో హెపటైటిస్-సి కోసం మొదలైన పద్ధతి అది. మీ కేసును మీరే చెప్తే, నిపుణులూ తోటి డాక్టర్లూ కలిసి చర్చిస్తారు. ఈ రాత్రి పేషెంటుకు కుదరదు గానీ ఆరు నెలల్లో మీ చెయ్యి తిరుగుతుంది.

క్యాన్సరుకు ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రితో కలిసి నవ్య అనే సంస్థ నడిపే ఆన్‌లైన్ అభిప్రాయం నమ్మదగ్గది. రిపోర్టులన్నీ ఎక్కించాలి, రుసుము ఉంటుంది. బయాప్సీ స్లైడు రిపోర్టు లేకుండా వెళ్తే డబ్బు దండగ. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి ఎలాగూ వెళ్ళేవాళ్ళకు ఇది అవసరం లేకపోవచ్చు.

చర్మం కేసులకు వీడియో దండగ. పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, దూరం నుంచి ఒకటి దగ్గర నుంచి ఒకటి ఫొటోలు తీసి పంపితే చాలు. మచ్చ మీద స్పర్శ ఉందో లేదో మాత్రం మీ చేత్తోనే చూడాలి, కుష్ఠు ఫొటోలో తేలదు. కళ్ళకు ఎల్వీ ప్రసాద్ సంస్థ విజన్ సెంటరు దగ్గరలో ఉంటే అదే ఉత్తమం.

వాట్సాప్ గ్రూపు

అందరం వాడుతున్నాం, మానమంటే మానేదీ లేదు. వేగంలో దానికి సాటి లేదు, అవతల ఉన్నది మన హాస్టల్ రూమ్మేటే. కానీ గ్రూపులో నలుగురు నాలుగు చెప్తే ఎవరి మాట మీద చేశారన్నదానికి రికార్డు ఉండదు. పేషెంటు కేసు షీటు ఫొటో, దాని మీద పేరు, ఊరు, ఫోను నంబరుతో సహా, గ్రూపులో ఉన్న ప్రతి ఫోను గ్యాలరీలోకి దిగిపోతుంది. ఇంట్లో పిల్లలు ఆడుకునే ఫోన్లు అవి. మా పద్ధతి ఇది. ఆటో డౌన్‌లోడ్ ఆపేశాం, పేరు కనిపించే పై భాగాన్ని కత్తిరించాకే ఫొటో పెడతాం, గ్రూపులో అడగకుండా ఆ స్పెషాలిటీ మనిషికి విడిగా పెడతాం, పేషెంటుకు "ఫలానా డాక్టరు గారిని అడుగుతున్నానండి, సరేనా?" అని చెప్పి ఆయన ఒప్పుకున్నట్టు షీట్లో రాస్తాం.

ఎవరికి ఏది

చందా యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. స్పెషలిస్టుల రిజిస్ట్రేషన్ నంబర్లు చూపించకపోయినా, ఎంతసేపట్లో జవాబిస్తారో రాసి ఇవ్వకపోయినా, మీరు మానేస్తే మీ పేషెంట్ల రికార్డు మీ చేతికి తిరిగి ఇస్తారా అన్నదానికి నసిగినా వద్దు. ఎక్స్‌రే, సీటీ చదివి రిపోర్టు ఇచ్చే సేవలకు మాత్రం డబ్బు పెట్టడం గిట్టుబాటే. ఫిల్ముకు ఇంతని కడితే సరిపోతుంది, రేడియాలజిస్టు లేని నర్సింగ్ హోముకు అది పెద్ద అండ.

పీహెచ్‌సీలో ఉన్నవారు ఈ-సంజీవనిని గట్టిగా పట్టుకుని, అత్యవసరాలకు దగ్గరలోని ఏరియా ఆసుపత్రి, స్టెమీ కేంద్రం నంబర్లు గోడ మీద రాసుకుంటే చాలు. మంచాలున్న ప్రైవేటు నర్సింగ్ హోముకు ఒక ఆసుపత్రి లింకు సరిపోదు. ఏటికి ఇటూ అటూ ఒక్కొక్కటి ఉంచుకోండి, ఒకరు అమలాపురం, కాకినాడ వైపు, ఇంకొకరు పాలకొల్లు, భీమవరం వైపు. పేషెంటు ఎటు వెళ్ళగలిగితే అటువాళ్ళను అడగవచ్చు, ఒకరి జవాబును ఇంకొకరితో సరిచూసుకోవచ్చు. మంచాలు లేని ఒక్క డాక్టరు క్లినిక్కుకు ఏ లింకూ అక్కర్లేదు. తెలిసిన నలుగురు స్పెషలిస్టులతో ముందే మాట్లాడుకుని, వాళ్ళ సమయానికి కన్సల్టేషన్ ఫీజు పేషెంటుకు చెప్పి తీసుకుని ఇప్పించడం మర్యాద. ఉచితంగా అడుగుతూ పోతే ఎంత స్నేహితుడైనా మూడోసారి ఫోను ఎత్తడు.

రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, ఇన్వర్టరు మీద నడిచే వైఫై పెట్టె పెట్టుకోండి. తుఫాను హెచ్చరిక వచ్చినరోజే ఫోన్లన్నీ, పవర్ బ్యాంకులన్నీ నింపుకోండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకల వాళ్ళకు పడవే దిక్కయింది. ఏ కంపెనీ అయినా ఏడాది ఒప్పందం అడిగితే నెల నెలా కట్టే పద్ధతి పెట్టమనండి, జూలై, ఆగస్టు వరదల్లో ఆ సేవ ఎలా నిలుస్తుందో చూసేదాకా ఏడాది కాగితం మీద సంతకం పెట్టకండి.